అన్నీ మధ్యలో తగిలినా ప్రాక్టికల్ షూటింగ్‌లో ఎందుకు ఓడిపోతారు?

అనంతపురంలో ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్న తమ్ముడొకడు అడిగిన ప్రశ్న ఇది. మనకు అలవాటైన 10 మీటర్ల పోటీలో గురే లెక్క. ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో మాత్రం పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. దాన్నే హిట్ ఫ్యాక్టర్ అంటారు.

12 తూటాల స్టేజ్ (పోటీలో ఒక అంచె) అనుకో. ఒకాయన అన్నీ 'ఎ' జోన్‌లో (టార్గెట్ నడిమి భాగం, తూటాకు 5 పాయింట్లు) కొట్టి 60 పాయింట్లు తెచ్చాడు, 10 సెకన్లు పట్టింది. హిట్ ఫ్యాక్టర్ 6. ఇంకొకాయన తొమ్మిది 'ఎ', మూడు 'సి' (దాని బయటి భాగం) కొట్టి 8 సెకన్లలో ముగించాడు. మైనర్ (తక్కువ బలం తూటాల వర్గం)లో 'సి'కి 3 పాయింట్లే కాబట్టి మొత్తం 54, హిట్ ఫ్యాక్టర్ 6.75. గెలుపు ఈయనదే. అలాగని ఊరికే తొందరపడితే లాభం లేదు, టార్గెట్‌కు తగలని ఒక్కో తూటాకు 10 పాయింట్లు కోత.

మేజర్, మైనర్ తేడా తూటా బలాన్ని బట్టి. 124 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకు 1050 అడుగుల వేగంతో వెళ్తే, రెండూ గుణించి 1000తో భాగించాలి: 130.2. మైనర్‌కు కనీసం 125 ఉండాలి, తగ్గితే స్కోరే లేదు. అధికారులు నీ తూటాలే తీసుకుని, ఒక బుల్లెట్‌ను ఊడదీసి తూకం వేస్తారు, మిగతావాటిలో కొన్ని క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే యంత్రం) మీదుగా కాల్పిస్తారు. వేడికి మందు తీరు మారి వేగం మారుతుంది. మన మే నెల ఎండలో తూటాల డబ్బాను కారులో వదిలేయడం నాకసలు నచ్చదు.

ఇంట్లో తూటాలు నింపుకోవచ్చా అని కూడా అడిగాడు. లైసెన్స్ లేకుండా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాల్సింది వేరే ఉంది: కదిలేటప్పుడు వేలు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కవచం) బయటే ఉండాలి. లోపల కనిపిస్తే మ్యాచ్ నుంచే పంపేస్తారు.