గోళ్లు విరుగుతున్నాయి, జుట్టు రాలుతోంది... ‘అస్థి ధాతువు’ తగ్గినట్టేనా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఐటీ ఉద్యోగం, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా షిఫ్టు. ఏడాదిగా జుట్టు బాగా రాలుతోంది. గోళ్లు పొరలుపొరలుగా విరుగుతున్నాయి. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి, ఆయాసం. నెలసరి 7 రోజులు ఉంటుంది, మొదటి 3 రోజులు ఎక్కువ. ఈ మధ్య ఐసు ముక్కలు నమలాలని ఒకటే కోరిక. థైరాయిడ్‌కు రోజూ మాత్ర వేసుకుంటాను. ఒకరు నాడి చూసి ‘అస్థి ధాతు క్షయం’ అని శంఖ భస్మం, అశ్వగంధ లేహ్యం ఇచ్చారు. మా అత్తగారు అంతా ట్యాంకర్ నీళ్ల వల్లే అంటున్నారు. అసలు ధాతువులంటే ఏమిటి? ఈ మందులు వాడొచ్చా?

జవాబు: మీరు ఒక్క మాటలో చెప్పేసిన ఐసు ముక్కల దగ్గరే మొదలుపెడతాను. రక్త ధాతువు తగ్గితే చర్మం గరుకవుతుందని, పుల్లటివీ చల్లటివీ కావాలనిపిస్తుందని ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహిత చెబుతుంది. ఐసు నమలాలనే కోరిక ఐరన్ లోపానికి గుర్తు అని నేటి వైద్యమూ అంటుంది. దీనికి నెలసరిలో ఎక్కువగా పోయే రక్తాన్నీ, మెట్ల మీద ఆయాసాన్నీ కలిపి చూడండి. ముందు అనుమానించాల్సింది రక్తాన్ని. అస్థి సంగతి తర్వాత.

శరీరాన్ని ధరించి నిలబెట్టేవి కాబట్టి ధాతువులన్నారు. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అని అవి ఏడు. తిన్నది అరిగాక తయారయ్యే తొలి సారమే రసం. తర్వాతి ధాతువులన్నీ దాని మీద ఆధారపడి వరుసగా పోషణ పొందుతాయి. ఇది ఎలా జరుగుతుందో చెప్పడానికి ‘కేదారకుల్యా న్యాయం’ అని ఒక పోలిక ఉంది. కాలువ నీళ్లు మొదటి మడి తడిపాకే రెండో మడికి పారతాయి. రెండో మడికి గండిపడితే ఐదో మడిలో పైరు ఎండుతుంది. అప్పుడు ఐదో మడికి బిందెలతో నీళ్లు పోసి లాభమేముంది? గండి పూడ్చాలి.

జుట్టూ గోళ్లూ అస్థి ధాతువు తయారయ్యేటప్పుడు వచ్చే మలాలు, అంటే మిగులు పదార్థాలు అని శాస్త్రం. అవి రాలడం, విరగడం అస్థి క్షయ లక్షణాల్లో ఉన్నమాట నిజమే, కాబట్టి మీకు చెప్పినది పూర్తిగా తప్పేం కాదు. అయితే అస్థి ఐదో మడి. మీ గండి రెండో మడి దగ్గరుంది. ఇంకో సంగతి, ధాతువు పేర్లను నేటి టిష్యూల పేర్లకు ఒకదానికొకటి అతికించేయకండి. అస్థి క్షయం అన్నంత మాత్రాన ఎముకలు గుల్లబారాయని కాదు.

ట్యాంకర్ నీళ్ల విషయం ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తలదువ్వాక రాలిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక చివర ఆవగింజకన్నా చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురుతో సహా ఊడినట్టు, కారణం లోపల ఉండొచ్చు. బొడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో తెగినట్టు. ఉప్పునీళ్లు, హెయిర్ డ్రయ్యర్ చేసేది ఈ రెండో పని.

ఈ వారమే చేయించాల్సినవి: హిమోగ్లోబిన్‌తో కూడిన పూర్తి రక్త పరీక్ష, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చూపేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డి. స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువైతే రక్తహీనత. అది 12 దాటినా ఫెరిటిన్ 30 లోపుంటే నిల్వలు అడుగంటుతున్నట్టే, కాబట్టి హిమోగ్లోబిన్ ఒక్కటే చూసుకుని ఊరుకోకండి. నెలసరి ఎందుకు ఎక్కువవుతోందో గైనకాలజిస్టు దగ్గర స్కానింగ్‌తో తేలాలి. గర్భాశయంలో గడ్డలుంటే ఎంత ఐరన్ మింగినా కారిపోతూనే ఉంటుంది.

ఇక మీ మందులు. అశ్వగంధ మంచి మందే, కానీ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. మాత్రతో పాటు వాడితే మీకు సరైన మోతాదు ఏదో తెలియకుండా పోతుంది. అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. ప్రస్తుతానికి ఆపండి. పైగా లేహ్యం అరగడానికి బరువు. శంఖ భస్మం ప్రధానంగా కాల్షియమే, దాన్ని ఎక్కువగా వాడేది ఎముకలకన్నా జీర్ణ సమస్యలకు. థైరాయిడ్ మాత్ర దగ్గర్లో వేసుకుంటే ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వదు. సీసా మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు లేకపోతే అసలు ముట్టుకోకండి. సరిగా తయారుకాని పొడుల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది.

మీ షిఫ్టుకు తగ్గట్టు రోజును ఇలా సర్దుకోండి. లేవగానే పరగడుపున నీళ్లతో థైరాయిడ్ మాత్ర. గంట తర్వాతే కాఫీ, టిఫిన్. మధ్యాహ్న భోజనం ఒంటిగంటకు ముగించండి. డాక్టరు ఐరన్ రాస్తే సాయంత్రం నాలుగున్నరకు నిమ్మనీళ్లతో వేసుకోండి, దానికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీ వద్దు. కాల్షియం రాస్తే రాత్రి భోజనంతో. ఐరన్, కాల్షియం రెండింటికీ థైరాయిడ్ మాత్రతో 4 గంటల ఎడం తప్పనిసరి. మందు సరిగా పనిచేయకపోవడానికి ఈ ఎడం పాటించకపోవడమూ ఒక కారణం.

రాత్రి భోజనం ఇంటికొచ్చాక పన్నెండింటికి కాకుండా, ఎనిమిదిన్నరకు ఆఫీసులోనే కానివ్వండి. జఠరాగ్ని మందగిస్తే తొలి ధాతువైన రసమే సరిగా తయారు కాదు. తిన్నది అరిగిందనడానికి గుర్తులు: తేనుపులో కూర వాసన రాకపోవడం, ఒళ్లు తేలికపడటం, నిజమైన ఆకలి. నాలుక మీద తెల్లటి పూత, లేవగానే బరువు ఉంటే అరగలేదన్నమాట. భోజనానికి ముందు చిటికెడు సైంధవ లవణం అద్దిన పలుచటి అల్లం ముక్క నమలండి. కడుపులో మంట, అల్సర్ ఉంటే మాత్రం వద్దు.

బెంగళూరులో రాగులకు కొదవ లేదు. 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పెద్దవాళ్లకు రోజుకు 1,000 కావాలి. కానీ రాగుల్లోని ఫైటేట్లు ఐరన్‌ను పట్టి ఉంచుతాయి. అందుకే 12 గంటలు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, ఒక రోజు మొలకెత్తనిచ్చి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. 30 గ్రాముల పిండి, 300 మిల్లీలీటర్ల నీళ్లతో జావ కాచుకోండి. తోటకూర పప్పులో దించాక నిమ్మరసం పిండండి. మాంసం తినేవారైతే వారానికి ఒకటి రెండుసార్లు మటన్ మేలు. రక్తాన్ని రక్తమే పెంచుతుందన్నది ఆయుర్వేద సూత్రం కూడా. మోకాళ్లకు గోరువెచ్చని నువ్వుల నూనె వారానికి రెండుసార్లు, స్నానానికి అరగంట ముందు, పైనుంచి కిందికి రాయండి. విటమిన్ డి తక్కువని తేలితే 60,000 యూనిట్ల మాత్రలు డాక్టరు చెప్పినన్ని వారాలే వాడండి. సొంతంగా నెలల తరబడి సాగదీస్తే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది.

ఐసు కోరిక, ఆయాసం ముందుగా, కొన్ని వారాల్లో తగ్గుతాయి. జుట్టుకు మూడు నాలుగు నెలలు ఆగాలి. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాబట్టి ఈ రోజు చివర విరిగే భాగం కొన్ని నెలల కిందట తయారైంది. మార్పు చూడాలంటే గోరు మొదలు చూడండి. ఈలోగా గంటకో ప్యాడ్ తడిసినా, కూర్చున్నచోటే గుండె దడ, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.