వీసీ గారి బయోడేటాలో ఏం చూడాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు యూనివర్సిటీ పెద్దల గురించే, అంటే వీసీల (వైస్ ఛాన్సలర్ల) గురించే. వాళ్లు ఏం చదివారు, ఎక్కడ పనిచేసి ఆ కుర్చీలోకి వచ్చారు, డాక్టర్లనీ ఐఏఎస్‌లనీ బ్యాంకుల్లో పనిచేసినవాళ్లనీ అక్కడ కూర్చోబెట్టడం సబబేనా అని అడిగారు. నేను ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో, తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులో, మొత్తం ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వీసీలు రావడం, వెళ్లడం దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ప్రశ్న: మా అబ్బాయి ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. హెల్త్ యూనివర్సిటీకి ఎప్పుడూ ఎవరో పేరున్న డాక్టరునే వీసీగా వేస్తారు. ఆపరేషన్లు బాగా చేసినంత మాత్రాన యూనివర్సిటీ నడపడం వస్తుందా? మేనేజ్‌మెంట్ చదివినవాళ్లని పెట్టొచ్చు కదా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: కర్నూలు నుంచి రాశారు కాబట్టి మీ ఊళ్లో పుట్టిన డాక్టరుగారి దగ్గరే మొదలుపెడతానమ్మా. ఆయన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్. 1887లో కర్నూల్లో పుట్టిన కవలల్లో ఒకరు, రెండో ఆయన రామస్వామి మొదలియార్. లక్ష్మణస్వామి గారు కాన్పుల డాక్టరు. ఆయన రాసిన ప్రసూతి పాఠ్యపుస్తకాన్ని మెడికల్ విద్యార్థులు తరాల తరబడి చదివారు, మీ అబ్బాయి కూడా పై సంవత్సరాల్లో ఎప్పుడో ఒకప్పుడు తిరగేస్తాడు. ఆయన 1942లో మద్రాసు యూనివర్సిటీ వీసీ అయ్యారు, 1969 దాకా అంటే 27 ఏళ్లు అదే కుర్చీలో ఉన్నారు. ఎంత గొప్పవాళ్లయినా ఒకే మనిషి అన్నేళ్లు ఉండటం నాకు నచ్చదు, కిందివాళ్లు ఎదగడానికి చోటుండదు. అది పక్కన పెడితే ఆయన చేతికి అప్పజెప్పిన పనులు చూడండి. దేశంలో హైస్కూలు చదువు ఎలా ఉండాలో చెప్పమని 1952లో వేసిన కమిషన్‌కి ఆయనే అధ్యక్షుడు, 1959లో దేశ ఆరోగ్య వ్యవస్థ మీద వేసిన కమిటీకీ ఆయనే, 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మహాసభకు అధ్యక్షత వహించిందీ ఆయనే. ఆ ఆరోగ్య కమిటీ ఏం చెప్పిందంటే, కొత్త ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు తెరుచుకుంటూ పోయే ముందు ఉన్నవాటిని సరిగ్గా నిలబెట్టండి, ఒక్కోదాని కింద 40 వేల మందికి మించి జనాన్ని పెట్టకండి అని. మందుల ఇండెంటు, నర్సుల డ్యూటీ చార్టు, మంచాలు చాలక నేల మీద పడుకున్న బాలింతలు, ఇవన్నీ రోజూ కళ్లారా చూసిన మనిషి మాట అది.

చూశారంటే ఎక్కడ చూశారు? మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆయన ఆపరేషన్ థియేటర్లోంచి తిన్నగా వీసీ గదిలోకి వెళ్లలేదు. ముందు ఎగ్మూరులోని ప్రభుత్వ స్త్రీ శిశు ఆసుపత్రికి సూపరింటెండెంటు, తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీకి ప్రిన్సిపల్, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు. సూపరింటెండెంటుగా, ప్రిన్సిపల్‌గా చేసిన ఆ ఏళ్లే నా లెక్కలో అసలు అర్హత. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రికి మొదటి డైరెక్టరైన కాకర్ల సుబ్బారావు గారి సంగతి కూడా అంతే. ఆయన రేడియాలజిస్టు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లి, తిరిగొచ్చి ఉస్మానియాలో పాఠం చెప్పి, మళ్లీ అమెరికా వెళ్లి అక్కడ పెద్ద పదవుల్లో ఉండగా ఎన్టీఆర్ పిలిస్తే వచ్చారు. ఎముకల ఆసుపత్రిగా మొదలైనదాన్ని అన్ని విభాగాలున్న సంస్థగా, యూనివర్సిటీ హోదా ఉన్న సంస్థగా మార్చడం ఎక్స్‌రే చదవడం వచ్చినందువల్ల జరిగే పని కాదు కదా. అమెరికాలో డిపార్టుమెంటు నడిపారు, అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా మొదలైనప్పుడు దానికి తొలి అధ్యక్షుడిగా నలుగురినీ కలుపుకుని వెళ్లారు, ఆ అలవాటు ఇక్కడ అక్కరకొచ్చింది.

మరి హెల్త్ యూనివర్సిటీకి డాక్టరే ఎందుకంటే, అక్కడి పని తీరు వేరు. 1986లో విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ పెట్టకముందు మన మెడికల్ కాలేజీలు ఆంధ్రా, ఉస్మానియా, వెంకటేశ్వర లాంటి మామూలు యూనివర్సిటీల కింద ఉండేవి. ఇప్పుడు మెడికల్, డెంటల్, నర్సింగ్, ఆయుర్వేదం, హోమియో, ఫిజియోథెరపీ అన్నీ ఒక గొడుగు కిందకి వచ్చాయి. వీసీ స్వయంగా పాఠం చెప్పేది ఉండదు. కాలేజీలకి గుర్తింపు ఇవ్వడం, ఇన్‌స్పెక్షన్లు, సీట్ల కౌన్సెలింగ్, పరీక్షలు, ఫలితాలు, ఇదే పని. ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినప్పుడు వార్డులో మంచాల మీద ఉన్నది నిజం పేషెంట్లో, ఆ రోజు కోసం తెచ్చి పడుకోబెట్టినవాళ్లో ఒక డాక్టరు కన్ను ఇట్టే పట్టేస్తుంది. అందుకు డాక్టరు కావాలి. ప్రశ్నపత్రం లీకైతే ఏం చెయ్యాలో, కోర్టు స్టే ఇస్తే కౌన్సెలింగ్ ఎలా ఆపాలో మాత్రం స్టెతస్కోపు నేర్పదు, దానికి ప్రిన్సిపల్‌గానో డీన్‌గానో పరీక్షల కంట్రోలర్‌గానో ముందే చేసి ఉండాలి.

ప్రశ్న: ఛాన్సలర్, వైస్ ఛాన్సలర్ ఇద్దరిలో ఎవరు పెద్ద?
– డిగ్రీ విద్యార్థి, సిద్దిపేట

జవాబు: పేరుకి ఛాన్సలర్, పనికి వైస్ ఛాన్సలర్. రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలావాటికి గవర్నరే ఛాన్సలర్, స్నాతకోత్సవంలో పట్టాలిస్తారు. నీ హాల్‌టికెట్ రాకపోతే ఛాన్సలర్‌కి కాకుండా కంట్రోలర్‌కి అర్జీ పెట్టు నాన్నా, కాపీ వీసీకి పంపించు.

ప్రశ్న: వీసీ పదవికి ప్రొఫెసర్లే ఎందుకు? జిల్లాలు నడిపిన ఐఏఎస్‌లు, కంపెనీలు నడిపినవాళ్లు పనికిరారా?
– రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, కాకినాడ

జవాబు: యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీ ప్రొఫెసరుగా పదేళ్లు, లేకపోతే పేరున్న పరిశోధన సంస్థలోనో విద్యాపాలన సంస్థలోనో పదేళ్లు చేసి ఉండాలి. సెర్చ్ కమిటీ మూడు నుంచి ఐదు పేర్లు ఇస్తుంది, అందులో ఒకరిని వేస్తారు. 2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా తెచ్చింది, పరిశ్రమలో, ప్రభుత్వ పాలనలో, ప్రభుత్వ రంగ సంస్థల్లో పెద్ద హోదాలో పదేళ్లు చేసినవాళ్లకూ తలుపు తెరుద్దామని. చాలా రాష్ట్రాలు గట్టిగా వ్యతిరేకించాయి.

నేను ఆ తలుపు పూర్తిగా మూసేయమనను. 1926లో బెజవాడలో ఆంధ్రా యూనివర్సిటీ మొదలైనప్పుడు తొలి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారు. కేంబ్రిడ్జిలో చదివిన పండితుడే, కాకపోతే అంతకుముందు మైసూరులో మహారాజా కాలేజీ ప్రిన్సిపల్‌గా చేశారు, ఆ సంస్థానం మొత్తానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా చేశారు, మద్రాసు శాసన మండలిలో సభ్యుడిగా కూర్చున్నారు. ప్రభుత్వంతో ఎలా మాట్లాడాలో తెలిసిన మనిషి, మాట వినకపోతే రాజీనామా మొహాన కొట్టగలిగిన మనిషి కూడా. బ్రిటిష్ ప్రభుత్వ అణచివేత నచ్చక అలాగే తప్పుకున్నారు, ఆ తర్వాతే రాధాకృష్ణన్ గారు ఆ కుర్చీలోకి వచ్చారు. మళ్లీ 1936లో రెడ్డిగారు తిరిగొచ్చి 1949 దాకా నడిపారు.

ఇటు తెలంగాణలో కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన జి. రామ్‌రెడ్డి గారిని చూడండి. రాజనీతిశాస్త్రం ప్రొఫెసరు, పంచాయతీరాజ్ మీద పనిచేసినాయన, అంటే సంస్థలు ఎలా నడుస్తాయన్నదే ఆయన సబ్జెక్టు. ఉస్మానియా వీసీగా చేసి, 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వీసీ అయ్యారు (ఇప్పటి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే), 1985లో ఇగ్నోకీ (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఆయనే తొలి వీసీ, తర్వాత యూజీసీ ఛైర్మన్. కాలేజీ గడప తొక్కలేని బస్ కండక్టరు, ఇద్దరు పిల్లల తల్లి డిగ్రీ పూర్తి చేశారంటే ఆయనకి దండం పెట్టుకోవాలి.

ఐఏఎస్‌ల విషయం. 2024 మేలో తెలంగాణలో వీసీల గడువు ముగిస్తే అక్టోబరులో కొత్తవాళ్లు వచ్చేదాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జిలుగా ఉన్నారు. వాళ్ల సమర్థత మీద నాకు అనుమానం లేదు. కానీ ఇన్‌ఛార్జి అనేవాళ్లకి అసలు శాఖ ఒకటి నెత్తిమీద ఉంటుంది, వారానికి ఒకటి రెండు రోజులు వచ్చి ఫైళ్ల మీద సంతకాలు పెట్టగలరే గానీ ప్రొఫెసర్ల నియామకాల లాంటి పెద్ద పని ఎవరు నెత్తికెత్తుకుంటారు? ఆ నెలలన్నీ పిల్లల ఖాతాలోనే పోతాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎంబీఏ. అక్కడే చదివిన నీలి బెండపూడి గారు అమెరికాలో పెద్ద యూనివర్సిటీకి ప్రెసిడెంటయ్యారని రోజూ చెప్తుంది. మార్కెటింగ్ చదివినావిడ అక్కడిదాకా ఎలా వెళ్లారు?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: మెట్టు మెట్టుకీ వెళ్లారండీ. విశాఖలో పుట్టారు, ఆంధ్రా యూనివర్సిటీలోనే ఇంగ్లీషు బీఏ, ఎంబీఏ, తర్వాత కాన్సాస్‌లో మార్కెటింగ్‌లో పీహెచ్‌డీ. ఒహాయోలో పాఠాలు చెప్పారు, మధ్యలో హంటింగ్టన్ బ్యాంకులో కస్టమర్ల విభాగం పెద్దగా చేశారు, మళ్లీ కాన్సాస్‌లో బిజినెస్ స్కూలు డీన్, ఆ తర్వాత అక్కడే ప్రొవోస్టు అంటే చదువుల వ్యవహారాలన్నీ చూసే రెండో స్థానం. 2018లో లూయీవిల్ యూనివర్సిటీ ప్రెసిడెంటు (మన వీసీ లాంటి పదవి), 2022 నుంచి పెన్ స్టేట్ ప్రెసిడెంటు, ఆ కుర్చీలో మొదటి మహిళ.

లూయీవిల్‌లో ఆవిడ డాక్టరు కాకుండానే చేసిన ఒక పని మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ఆ ఊళ్లో జ్యూయిష్ హాస్పిటల్ అని ఒకటుంది. శరీరం లోపలే పూర్తిగా ఇమిడే కృత్రిమ గుండెను ప్రపంచంలో మొదటిసారి 2001లో ఒక రోగికి అమర్చింది అక్కడే. అది నష్టాల్లో కూరుకుపోయి, కొనేవాళ్లు లేక మూతపడే దశకొస్తే, 2019లో యూనివర్సిటీ తరఫున దాన్ని, దానితోపాటు దాని యజమాని సంస్థకే చెందిన మరికొన్ని ఆసుపత్రుల్నీ తీసుకున్నారు. మెడికల్ విద్యార్థులకి, రెసిడెంట్లకి నేర్చుకునే వార్డులు పోకుండా మిగిలాయి. బ్యాలెన్స్‌షీటు చదవడం వచ్చిన ప్రొఫెసరు కాబట్టే ఆ ధైర్యం చేయగలిగారని నా నమ్మకం.

అదే చేత్తో బాధ కలిగించే నిర్ణయాలూ ఉంటాయి. పెన్ స్టేట్‌కి ఊరూరా ఉన్న చిన్న క్యాంపస్‌లలో ఏడింటిని 2027 వసంతకాలం సెమిస్టరు తర్వాత మూసేయాలని 2025లో వాళ్ల ట్రస్టీలు తీర్మానించారు, ప్రతిపాదన ఆవిడ నాయకత్వం నుంచి వచ్చిందే. పిల్లలు తగ్గిపోతున్నారు, ఖర్చు మోయలేం అన్నారు. లెక్క ప్రకారం సరైనదే కావచ్చు, ఆ చిన్న ఊళ్లకి మాత్రం కాలేజీ పోతే ఊరి ప్రాణం పోయినట్టే.

ప్రశ్న: నేను నర్సింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, ఎమ్మెస్సీ నర్సింగ్. నాకు 36 ఏళ్లు. మాలాంటివాళ్లకి ప్రిన్సిపల్ దాటి పై పదవులు ఉంటాయా, లేక అవన్నీ డాక్టర్లకేనా? ఆలోచిస్తే కోపం వస్తోంది, టెన్షన్‌గానూ ఉంటోంది. వచ్చే నెలలో మా కాలేజీకి ఇన్‌స్పెక్షన్ కూడా ఉంది.
– ఏలూరు

జవాబు: అమ్మా, నీ కోపం న్యాయమైనదే. రోగి పక్కన 24 గంటలు ఉండేది నర్సులు, ఆరోగ్య విద్య మీద నిర్ణయాలు చేసే బల్ల చుట్టూ వాళ్లు కనపడరు. అది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఈలోపు నీ చేతిలో ఉన్నది చెప్తాను.

పీహెచ్‌డీ లేకుండా ముందుకు దారి లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఆధ్వర్యంలో పీహెచ్‌డీ కోసం నేషనల్ కన్సార్టియం (కొన్ని సంస్థలు కలిసి నడిపే ఏర్పాటు) ఉంది, ప్రకటన పడగానే అప్లై చెయ్యి. పాలన నేర్చుకోవాలనుంటే హైదరాబాదులో 1956లో పెట్టిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది, బెల్లావిస్టాలో, ఆసుపత్రి నిర్వహణలోనూ అక్కడ శిక్షణ ఇస్తారు.

సర్టిఫికెట్ల కన్నా నేను ఎక్కువ నమ్మేది వేరే ఉంది. నేను పనిచేసిన చోట ఒక వీసీ గారు గొప్ప పరిశోధకులు, ల్యాబు దాటి ఏ బాధ్యతా చేయకుండా వచ్చారు. ప్రతి ఫైలూ తనే చదవాలనుకునేవారు, ఎవరినీ నమ్మేవారు కాదు. ఆయన బల్ల మీద ఆగిపోయిన ఒక్క నోట్ ఫైలు వల్ల సప్లిమెంటరీ ఫలితాలు రెండు నెలలు ఆలస్యమై, ఉద్యోగం వచ్చిన పిల్లలు మార్కుల మెమో లేక మా కిటికీ దగ్గర ఏడ్చారు. నాకు ఇప్పటికీ వాళ్ల మొహాలు గుర్తే. ఆయన తర్వాత వచ్చినాయన పదేళ్లు హాస్టల్ వార్డెన్‌గా, తర్వాత పరీక్షల కంట్రోలర్‌గా చేసినవారు. మొదటి వారంలోనే పొద్దున ఆరింటికి హాస్టల్ మెస్‌కి వెళ్లి ఇడ్లీ తిని, అక్కణ్నుంచే ఇంజినీరుకి ఫోన్ చేసి నీళ్ల మోటారు బాగుచేయించారు. ఏ ఫైలు ఏ స్థాయిలో ముగియాలో ఒక కాగితం మీద రాసి అందరికీ పంచారు.

కాబట్టి మీ కాలేజీలో ఎవరూ ముట్టుకోని పని ఏదైనా ఉంటే, కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ ఫైళ్లో, పరీక్షల చీఫ్ సూపరింటెండెంటు బాధ్యతో, హాస్టలో, ఎన్ఎస్ఎస్సో, నువ్వు అడిగి తీసుకో. ఆర్డరు మాత్రం రాతపూర్వకంగా ఇప్పించుకో, నోటిమాట బయోడేటాలోకి ఎక్కదు. వచ్చే నెలలో ఇన్‌స్పెక్షన్ ఉందని ఉత్తరం చివర రాశావు కదా, మొదట ఆ ఫైలే అడుగు.