కుతుబ్‌షాహీనా, పైగానా? గుమ్మటం మెడ చూడండి

మీరు ఫొటో పంపి, కోణపు కమాను, తెల్లటి గచ్చు పని చూసి హైదరాబాద్ సంతోష్‌నగర్ దగ్గరి సమాధిని కుతుబ్‌షాహీ (గోల్కొండను ఏలిన సుల్తానుల వంశం) కట్టడం అనుకున్నారు. పొరపాటు అక్కడే జరిగింది. కమాను రెండు వంశాల కట్టడాల్లోనూ ఉంటుంది, దాన్నిబట్టి కాలం తేల్చలేం. మీ ఫొటోలోవి పైగాల (నిజాం కొలువులోని ప్రభువుల వంశం) సమాధులు, 18వ శతాబ్దం చివరి నుంచి కట్టినవి.

ఇలా చూడండి:

1. ముందు తల ఎత్తండి. చాలామంది వదిలేసేది ఇదే. కుతుబ్‌షాహీ గుమ్మటం గోడ మీద నేరుగా కూర్చోదు. అడుగున మెడ దగ్గర సన్నబడి, చుట్టూ తామర రేకులు విచ్చుకుని, వాటిలోంచి ఉబ్బెత్తుగా లేస్తుంది. సున్నం ఎన్ని పూతలు పడ్డా రేకుల అంచు నీడ కనిపిస్తుంది. పొద్దున ఏటవాలు ఎండలో ఫొటో తీయండి.

2. పైగాలో చాలా సమాధులకు పైకప్పే లేదు. చుట్టూ జాలీలు (చిల్లుల నగిషీ తెరలు), ఒక్కోదానికి ఒక్కో నమూనా.

3. సమాధి రాయి: కుతుబ్‌షాహీ రాజులది నున్నటి నల్లరాయి, ఉబ్బెత్తు అక్షరాలు. పైగాలది పాలరాయి.

ఒక చిక్కు: గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోనూ గుమ్మటం లేకుండా అసంపూర్తిగా మిగిలిన సమాధి ఉంది. అందుకే 2, 3 కలిపి చూడాలి.

ఊళ్లోని భవనాలకు రేకుల గుర్తు ఒక్కటే చాలదు. 1919లో పూర్తయిన హైకోర్టులో పాత గుమ్మటాల పోలికలే వాడారు. అక్కడ ఎర్ర ఇసుకరాయి చూసి తేల్చుకోండి.