పక్షవాతం రోగిని చూసుకునేవారి నైపుణ్యాన్ని ప్రశ్నలతో కొలవొచ్చా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ నాలుగో ఏడాది చదువుతున్నాను. పక్షవాతం రోగులను ఇంట్లో చూసుకునే కుటుంబసభ్యుల అవగాహన, నైపుణ్యాలను అంచనా వేయడం మా ప్రాజెక్టు. 30 ప్రశ్నలు తయారుచేశాం. సరిపోతాయా? ఈ పని ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: అవగాహన వరకు సరిపోతాయి, నైపుణ్యానికి చాలవు. రోగిని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలని అడిగితే రెండు గంటలకని సరిగ్గానే టిక్కు పెడతారు. అదే మనిషి మంచం దగ్గరికి వచ్చేసరికి, పడిపోయిన చేతినే పట్టుకుని లాగొచ్చు. ఆ వైపు భుజం కండరాల్లో పట్టు ఉండదు కాబట్టి కీలు జారి, నెలల తరబడి నొప్పి వేధించొచ్చు. కాగితం మీద ఈ తప్పు దొరకదు. చేయించి చూడాల్సిందే.

అందుకు విడిగా ఒక చెక్‌లిస్టు రాసుకోండి. పక్కకు తిప్పడం, కుర్చీలోకి మార్చడం, తినిపించడం, బట్టలు తొడగడం చాలు. ఉదాహరణకు రైల్స్ ట్యూబుతో, అంటే ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంతో, ఆహారం ఇచ్చేటప్పుడు: చేతులు కడుక్కున్నారా? తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తారా? ముక్కు దగ్గర ట్యూబు మీది గుర్తు కదల్లేదని చూశారా? బలంగా నెట్టకుండా మెల్లగా దిగనిచ్చారా? చివర్లో నీళ్లు పోశారా? తర్వాత కనీసం అరగంట తల ఎత్తే ఉంచారా? ప్రతిదానికీ చేశారు, చేయలేదు అని రెండే గడులు. తల ఎత్తకపోయినా, గుర్తు చూడకపోయినా మిగతా మార్కులతో పని లేకుండా ‘సురక్షితం కాదు’ అని రాయండి. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావొచ్చు. ప్రమాదకరమైన తప్పు కనిపిస్తే వెంటనే ఆపి సరిదిద్దండి, మార్కులు తర్వాత వేసుకోవచ్చు.

ఎవరిని పరీక్షిస్తున్నారో కూడా చూసుకోవాలి. డిశ్చార్జి కాగితాల మీద సంతకం కొడుకు పెడతాడు, ఇంట్లో ఎత్తేది, తుడిచేది భార్యో కోడలో. రోజులో ఎక్కువసేపు దగ్గరుండేవారినే తీసుకోండి. చదవడం రానివారికి ప్రశ్నలు మీరే చదివి వినిపించండి. ఒకే మనిషి చేస్తున్న పనికి ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి, కప్పా విలువతో (ఇద్దరి మార్కులు ఎంతవరకు కలిశాయో చెప్పే లెక్క) పోల్చండి. తేడా ఎక్కువుంటే చెక్‌లిస్టులో మాట స్పష్టంగా లేనట్టే. తప్పొప్పుల ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూడ్డానికి కేఆర్-20 అనే లెక్క వాడండి. కొద్దిమందితో చేసే పైలట్ పరిశీలనకు ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి.

ఇక ఉద్యోగం. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్సెట్ అనే ఉమ్మడి నియామక పరీక్ష రాయాలి, అక్కడ ప్రాజెక్టుకు మార్కులేమీ రావు. కానీ స్ట్రోక్ యూనిట్లు, పునరావాస కేంద్రాలు, ఇంటికెళ్లి సేవలందించే సంస్థల్లో రోగి బంధువులకు నేర్పడం రోజువారీ పని. ఇంటర్వ్యూలో మీ చెక్‌లిస్టు చూపించి, ఏ అడుగులో ఎక్కువమంది తప్పారో, దాన్ని ఎలా నేర్పుతారో చెప్పగలిగితే మంచి మార్కులు తెచ్చుకున్నవారికన్నా మీరే ముందుంటారు. ఆసక్తి నిలిస్తే న్యూరోసైన్స్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా గానీ, మెడికల్ సర్జికల్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ గానీ చేయండి.