ప్రెయిరీలో పశువులను పూర్తిగా ఆపేస్తే గడ్డి బాగుపడుతుందా?

"పశువులను మేపడం మానేస్తే గడ్డిభూమి తనంతట తానే కోలుకుంటుంది కదా, మరి అమెరికా ప్రెయిరీల్లో ఇంకా ఎందుకు మేపుతున్నారు?" అని అడిగారు. కాన్సాస్‌లోని మన్‌హాటన్‌లో చదువుకుంటూ 2012, 2013 వేసవుల్లో అక్కడి ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి కొండల్లో గడ్డి కోసి, ఎండబెట్టి తూకం వేసే పని చేశాను. వెళ్ళేటప్పుడు నాదీ మీ అభిప్రాయమే.

మొదటివారమే ఒక కంచెలోకి పంపారు. పశువు అడుగుపెట్టక, నిప్పు పడక చాలా ఏళ్ళయిన ముక్క అది. దూరం నుంచి ఏపుగా కనిపించింది. చదరపు ఇనప చట్రం నేలమీద పెట్టి వంగి చూస్తే, పచ్చగడ్డి కింద బెత్తెడు మందాన పాత ఎండుగడ్డి. రెండు చేతులతో తవ్వి తీస్తేగానీ మట్టి కనపడలేదు. ఆ చీకట్లో కొత్త పిలకలు ఎక్కడొస్తాయి? ఓ మూల రెడ్ సీడార్ మొక్కలు నడుమెత్తున లేచాయి. అలాగే వదిలేస్తే అది గడ్డిభూమిగా మిగలదు, చిట్టడవి అవుతుంది.

ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. అక్కడి సున్నపురాతి పొరల్లో అది ఉండబట్టే నాగలి దిగలేదు. అమెరికాలో పొడవు గడ్డి ప్రెయిరీ ఇప్పుడు నాలుగు శాతం కూడా మిగల్లేదు, ఆ మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడిదే. నిప్పు, అడవి దున్నల్లాంటి బైసన్‌ల మేత, రెండిటికీ వేల ఏళ్ళుగా అలవాటు పడిన నేల. దగ్గర్లోని కోన్జా ప్రెయిరీ అనే పరిశోధన క్షేత్రంలో 1987లో బైసన్‌లను మళ్ళీ తెచ్చి వదిలారు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం, అవి మేసిన చోట స్థానిక మొక్కల రకాలు దాదాపు రెట్టింపయ్యాయి. మామూలు పశువులు మేసినచోటా పెరిగాయి, కాకపోతే అంతకన్నా తక్కువ.

అలాగని ఎలా మేపినా పర్లేదని కాదు. 2012లో కరువు. మేం కొలిచే చోటికి పక్కనే ఒక కౌలు బీడు ఉండేది. వాన లేకపోయినా అక్కడ పశువుల సంఖ్య తగ్గించలేదు, అక్టోబరు దాకా కదిలించలేదు. తలకింత అని కౌలు వస్తుంటే ఎవరు మాత్రం ముందే తోలేస్తారు! మరుసటి ఏడు మా వైపు బిగ్ బ్లూస్టెమ్ గడ్డి నడుము దాటితే, అటు చీలమండ దగ్గరే ఆగింది. మధ్యలో పశువు ముట్టని ఐరన్‌వీడ్ మాత్రం ఊదారంగు పూలతో కళకళలాడుతోంది.

అసలు లెక్క గడ్డి వేళ్ళలో ఉంది. క్రైడర్ అనే ఆయన 1955లో అచ్చువేసిన ప్రయోగంలో, ఆకులో సగం కోసినప్పుడు వేళ్ళ పెరుగుదల దాదాపు మామూలుగానే సాగింది. 80 శాతం కోస్తే పూర్తిగా ఆగిపోయింది. "సగం మేపు, సగం వదులు" అని అక్కడి రాంచర్లు, అంటే పశువులు పెంచేవాళ్ళు, అనేది ఇందుకే.

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇంకోటి ఉంది. ఏప్రిల్‌లో బీడు కాల్చి, మే మొదట్లో మామూలుకన్నా రెట్టింపు స్టీర్లను, అంటే విత్తులు కొట్టించిన కోడెలను తోలుతారు. జులై మధ్యకల్లా అన్నిటినీ తీసేస్తారు. జులై తర్వాత గడ్డి ముదిరి పోషకాలు తగ్గుతాయి, కోడెల బరువు కూడా నెమ్మదిగా పెరుగుతుంది. కాబట్టి రాంచర్‌కు పెద్ద నష్టం లేదు. గడ్డికేమో మిగతా వేసవంతా వేళ్ళలో శక్తి దాచుకునే టైం దొరుకుతుంది. ఒక్క చిక్కుంది. ఏటా బీడంతా కాల్చేస్తే నేలమీద గూడు కట్టే ప్రెయిరీ కోళ్ళనే అడవి పక్షులకు గూడు పెట్టుకోవడానికి పాతగడ్డి ఉండదు. అందుకని కొందరు ఏడాదికి మూడో వంతే కాలుస్తారు. పశువులు ఆ లేత చిగుళ్ళ కోసం అటే వెళ్తాయి, మిగతా రెండు వంతులకు విశ్రాంతి.

ఇక చిన్నచిన్న మడులు చేసి మంద తిప్పడం గురించి చాలా గొప్పగా చెప్తారు. 2008లో పాత ప్రయోగాలన్నీ కలిపి సమీక్షిస్తే, మామూలుగా వదిలి మేపడం కంటే దానివల్ల ప్రత్యేకంగా లాభమేమీ తేలలేదు. తలల సంఖ్యే ముఖ్యం అన్నారు. నేను చూసినదాన్ని బట్టి నాకూ అదే నిజమనిపిస్తుంది. తలలు ఎక్కువైతే ఎన్ని కంచెలు వేసినా ఒకటే.

మీకు బీడు ఉంటే, సీజన్ మొదట్లో తీగమెష్‌తో నాలుగైదు పంజరాలు చేసి అక్కడక్కడా బోర్లించండి. చివర్లో లోపలా బయటా ఒకే కొలత జాగాలో గడ్డి కోసి ఎండబెట్టి తూకం వేయండి. బయటి గడ్డి లోపలిదాంట్లో సగం కూడా లేకపోతే వచ్చే ఏడు తలలు తగ్గించండి. పంజరాల జాగా మాత్రం ఏటా మార్చాలి, లేకపోతే వాటికింద నేను చూసిన ఆ ఎండుగడ్డి పరుపే తయారవుతుంది.