ఓకే చెప్పేది ఎవరో ముందే తేల్చుకో

చి. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

కొత్త కంపెనీలో పోస్ట్ ప్రొడక్షన్, అంటే షూటింగ్ తర్వాత జరిగే పని మొత్తం నీకే అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఎడిటర్లు, గ్రాఫిక్స్ కుర్రాళ్లు ఒకవైపు, ఆస్పత్రుల వాళ్లు, నగల షాపుల వాళ్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు ఇంకోవైపు, మధ్యలో నువ్వు. ఎడిటింగ్ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. తయారైన వీడియోని అందరికీ చూపించి, ఓకే అనిపించుకుని బయటికి పంపడం మాత్రం వేరే విద్య. నువ్వు అడిగింది దాని గురించే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ప్రతి వీడియోకీ చివరి మాట ఎవరిదో షూటింగ్‌కి ముందే పేరుతో సహా రాసి పెట్టుకో. 'మా మార్కెటింగ్ టీమ్ చూసుకుంటుంది' అంటే ఒప్పుకోకు. అభిప్రాయం పదిమంది చెప్పొచ్చు, ఓకే మాత్రం ఒక్కరే చెప్పాలి. మన హైదరాబాద్ ఆఫీసుల్లో మామూలుగా ఏం జరుగుతుందో నీకూ తెలుసు. మేనేజర్ వారమంతా కరెక్షన్లు చెప్పి సరే అంటాడు. రేపు రిలీజ్ అనగా రాత్రి ఎండీ గారు చూస్తారు, లేదా ఆయన బావమరిది చూస్తాడు, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఎండీ గారికి రఫ్ కట్, అంటే మెరుగులు దిద్దని మొదటి ఎడిట్ దగ్గరే చూపించాలి. 'సార్‌కి టైమ్ లేదండీ' అంటే, 'అయితే మీ ఓకేనే ఫైనల్ అని ఒక మెయిల్ పెట్టండి' అని మర్యాదగా అడుగు. మెయిల్ పెట్టాల్సి వచ్చేసరికి సార్‌కి టైమ్ దొరుకుతుంది, చూస్తూ ఉండు.

క్లయింట్ వైపు ఇద్దరు రెండు రకాలుగా చెప్పినప్పుడు ఆ పంచాయితీ నీ ఎడిటర్ నెత్తిన పడకూడదు. ఎవరి మాట వినాలో వాళ్లే తేల్చుకుని, కరెక్షన్లన్నీ ఒకేసారి ఒకే మనిషి ద్వారా పంపాలి. ఇద్దరికీ నచ్చేలా రెండు వెర్షన్లు చేసి పంపడం ఒక్కసారి అలవాటు చేశావంటే ఇక ఆ క్లయింట్‌తో అదే పని.

ఏ దశలో ఏం చూడాలో కూడా చెప్పి పంపాలి. స్క్రిప్టు ఓకే అయ్యాకే వాయిస్ ఓవర్. రఫ్ కట్‌లో కథ, నిడివి, షాట్ల వరుస చూడమను. రంగులు, మ్యూజిక్ ఇంకా కాలేదని వీడియో మీదే పెద్ద అక్షరాలతో వేయించు. చెప్పకపోతే 'ఫేస్ డల్‌గా ఉందేంటి' అని పది మెసేజీలు వస్తాయి, అసలు చెప్పాల్సిన సంగతి ఒక్కరూ చెప్పరు. కట్ లాక్ అయ్యాక, అంటే షాట్ల వరుస, నిడివి ఇక మారవని ఖాయం చేశాక మాత్రం షాట్ల జోలికి ఎవర్నీ రానివ్వకు. లాక్ అయిన కట్‌లో అర సెకను తీసేస్తే ఆ తర్వాత ఉన్న మ్యూజిక్, సబ్‌టైటిల్స్, గ్రాఫిక్స్ అన్నీ వాటి చోటు నుంచి పక్కకి జరిగిపోతాయి. క్లయింట్‌కి అది 'చిన్న మార్పు'గానే కనిపిస్తుంది. అది తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, ముందే చెప్పాల్సింది మనం. ఎన్ని రౌండ్ల కరెక్షన్లు ధరలో కలిసి ఉంటాయో, లాక్ తర్వాత మారిస్తే ఎంత అదనమో కొటేషన్‌లోనే రాయించు.

కరెక్షన్ చెప్పే పద్ధతి దగ్గరే చాలా టీములు ఆగమవుతాయి. వాట్సాప్‌లో వాయిస్ నోట్, ఫోన్‌లో సగం మాట, లిఫ్ట్ దగ్గర కలిసినప్పుడు ఇంకో మాట. వీడియో చూస్తూ కామెంట్లు రాసే ఫ్రేమ్ డాట్ ఐఓ లాంటి ఆన్‌లైన్ టూల్స్ ఉంటే మంచిదే, ఆ ఫ్రేమ్ దగ్గరే కామెంట్ పడుతుంది, గొడవ ఉండదు. కంపెనీ డబ్బు పెట్టకపోతే ఒక గూగుల్ షీట్ చాలు. వీడియో మీద టైమ్‌కోడ్, అంటే ఎన్నో నిమిషం ఎన్నో సెకను అనే అంకెలు కనిపించేలా రెండర్ చేయించి, అంటే పూర్తి వీడియో ఫైల్‌గా తీయించి పంపు. షీట్‌లో టైమ్, కరెక్షన్, ఎవరు చెప్పారు, ఏం చేశాం అని రాయి. ఫోన్‌లో చెప్పినవి ఫోన్ పెట్టగానే నువ్వే రాసి 'మీరు చెప్పినవి ఇవే కదండీ' అని తిరిగి పంపు. చేయలేనివి ఉంటే ఎందుకు చేయలేదో అక్కడే రాయి. ఊరుకుంటే మర్చిపోయారనుకుని తర్వాతి రౌండ్‌లో మళ్లీ అదే అడుగుతారు.

'పంచ్ లేదు', 'ఏదో మిస్సయింది' అనేవి కరెక్షన్లు కావు. అలాగని కొట్టిపారేయకు. ఎక్కడ బోర్ కొట్టింది, ఎక్కడ అర్థం కాలేదు అని అడుగు. వాళ్లు 'మ్యూజిక్ మార్చండి' అంటారు, చూస్తే అసలు గొడవ డాక్టరు గారి బైట్, అంటే ఆయన కెమెరా ముందు మాట్లాడిన ముక్క సాగడం దగ్గర ఉంటుంది. జబ్బు వాళ్లని చెప్పనివ్వాలి, మందు మనం రాయాలి.

క్లయింట్‌కి వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపకు. వాట్సాప్ వీడియో సైజు కుదించేసి పంపుతుంది, 'క్లారిటీ లేదు' అని ఫోన్ వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా పోతుంది, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వు. యూట్యూబ్ అన్‌లిస్టెడ్ లింక్ ఎవరి చేతికి దొరికితే వాళ్లు చూడగలరు, ఇంకా బయటపెట్టని ప్రాజెక్టులకి అది వాడకు.

తెలుగు అక్షరాల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన పరువు పోయేది అక్కడే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో టెక్స్ట్ ఇంజన్ అనే సెట్టింగ్‌ని దక్షిణాసియా భాషలకి మార్చకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్ ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గీతలే. అందుకని ప్రూఫ్ వర్డ్ ఫైల్‌లో చూస్తే లెక్కలోకి రాదు, రెండర్ అయిన వీడియోలోనే చూడాలి. అదీ ఆ వీడియో మీద పని చేయని మనిషి, పైకి చదువుతూ చూడాలి. పది రోజులు అదే చూసిన కంటికి ళ బదులు ల ఉన్నా కనపడదు. డాక్టర్ల పేర్లు, డిగ్రీలు క్లయింట్ రాసిచ్చిన కాగితంతో సరిపోల్చండి. ఫోన్ నంబర్ వేశారా, డయల్ చేసి చూడండి. సౌండ్ స్టూడియో స్పీకర్లలోనే కాదు, మామూలు ఫోన్ స్పీకర్లో కూడా వినండి. జనం వినేది దాంట్లోనే.

ఆస్పత్రి వీడియోల్లో పేషెంట్ మాట్లాడితే రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారా అని ఎడిట్ మొదలయ్యేలోపే అడుగు. మందుతో షుగర్ పూర్తిగా నయమవుతుందనే మాట స్క్రిప్టులో కనిపిస్తే ఆపేయ్. అలాంటి ప్రకటనల మీద 1954 నుంచీ చట్టం ఉంది. ఇవి చివర్లో చూసుకునేవి కావు.

ఫైల్ పేరులో 'ఫైనల్' అనే మాట నిషేధించు. ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ లాస్ట్... చివరికి అప్‌లోడ్ అయ్యేది వీటిలో ఏదో ఆ దేవుడికే తెలియాలి. ప్రాజెక్టు పేరు, తేదీ, వీ01, వీ02, అంతే. పాత లింకులు తీసేయించు. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియో స్థానంలో కొత్త ఫైల్ పెట్టడం కుదరదు. కొంత కట్ చేయొచ్చు, బ్లర్ చేయొచ్చు, మ్యూజిక్ మార్చొచ్చు, అంతవరకే. అక్షరం తప్పు పడితే తీసేసి కొత్తగా పెట్టుకోవాలి, అప్పటిదాకా వచ్చిన వ్యూస్, కామెంట్లు పోయినట్టే. అందుకే ముందు ప్రైవేట్‌గా పెట్టి, కాపీరైట్ చెకింగ్ పూర్తయ్యాక, ఓకే అయిన వెర్షన్ ఇదేనా అని షీట్‌తో సరిచూసి అప్పుడు పబ్లిక్ చేయించు.

'రెండ్రోజుల్లో జవాబు రాకపోతే ఓకే అనుకుంటాం' అని కొందరు రాసి పెడతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. రేపు తేడా వస్తే క్లయింట్ 'నేను చూడనే లేదు' అంటాడు, ఆ మాట నిజమే కూడా. జవాబు ఎన్ని రోజులు ఆలస్యమైతే డెలివరీ అన్ని రోజులు వెనక్కి జరుగుతుందని రాయి, చాలు.

నీ ఎడిటర్ల గురించి ఒక్క మాట. క్లయింట్ కోపంతో పెట్టిన మెసేజ్ ఉన్నదున్నట్టు వాళ్ల గ్రూప్‌లో ఫార్వర్డ్ చేయకు. అందులో పనికొచ్చేది తీసి షీట్‌లో రాయి, మిగతాది నీ దగ్గరే ఆగిపోవాలి. క్లయింట్‌ని ఎడిటర్ వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టడం కూడా వద్దు, ఎంత పెద్ద మనిషైనా.

డెలివరీ అయ్యాక అక్షరాలు లేని క్లీన్ వెర్షన్ ఒకటి, వాయిస్ లేకుండా మ్యూజిక్, ఎఫెక్ట్స్ ట్రాక్ ఒకటి విడిగా తీయించి దాచు. ఆరు నెలలకి హిందీలోనో కన్నడలోనో కావాలని ఆ క్లయింటే అడుగుతాడు. పిన్ని నీకు కందిపొడి పంపుతోంది, ఆదివారం వీలైతే ఫోన్ చెయ్యి.

మీ బాబాయి