చిన్నీకి, చిత్తూరు నుంచి పెద్దమ్మ

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్లల్ని గ్రూపులు చేసి ఉదారవాదం, సంప్రదాయవాదం, సోషలిజం, నాజీయిజం తలా ఒకటి పంచావంట కదా. వచ్చే నెల అందరి ముందూ వాదనలు పెట్టిస్తావంట. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, తిరుపతిలో ఒక్కదానివే ఉంటూ అప్పుడే ఇంత పని తలకెత్తుకున్నావని ఎంత సంతోషమేసిందో. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకముందే రాస్తున్నా.

గ్రూపుకి ఐదుగురు చాలు. చీటీలు వేసి పంచు. చేతిరాత బాగున్న పిల్ల ఒక్కతే చార్టులన్నీ రాయకుండా చూసుకో. మొదటిరోజు బెంచీలు జరిపించు. 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో రాజు అధికారం తగ్గించాలన్నవాళ్ళు అధ్యక్షుడికి ఎడమవైపు, రాజు పక్షం వాళ్ళు కుడివైపు కూర్చున్నారు. వామపక్షం అనే మాట అక్కడినుంచే వచ్చిందని కూర్చోబెట్టి చూపిస్తే పిల్లలు ఇంక మరిచిపోరు.

ఇక నా నిద్ర పోగొట్టిన సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

నేను టీచరై నాలుగో ఏడు. నేనూ నీలాగే వాదనలు పెట్టించాను. ఎవరికి ఎక్కువ చప్పట్లు వస్తే వాళ్ళకి పెన్ను బహుమతి అన్నాను. నాజీల గ్రూపులో మంచి మాటకారి పిల్లాడు ఒకడుండేవాడు. జర్మనీ యుద్ధంలో ఓడింది, 1929 తర్వాత లక్షలమందికి పనులు పోయాయి అని చక్కగా మొదలుపెట్టాడు. తర్వాత స్వరం పెంచి, "మన కష్టాలకి కారణం ఎవరు?" అని ఆఖరి బెంచీ వైపు చెయ్యి చూపాడు. అక్కడ ఇంట్లో అరవం మాట్లాడే పిల్లాడు కూర్చున్నాడు. "వీళ్ళే!" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. చప్పట్లు. నేను కూడా కొట్టాను చిన్నీ. ఎంత బాగా నటించాడు అనుకున్నాను. పెన్ను వాడికే ఇచ్చాను.

ఆ ఆఖరి బెంచీ పిల్లాడు లెక్క అడిగితే ముందు అరవంలో పెదాలు కదుపుకుని, తర్వాత తెలుగులో జవాబు చెప్పేవాడు. ఆ రోజు నుంచి ఆ పెదాలు కదలడం మానేశాయి. గంట కొట్టాక పిల్లలు "వీళ్ళే, వీళ్ళే" అంటూ వాడి వెనకాల పోతుంటే పిల్ల చేష్టలే అనుకుని ఊరుకున్నాను. పరీక్షలయ్యాక వాళ్ళమ్మ వచ్చి టీసీ అడిగింది, కాట్పాడిలో వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో పెట్టి చదివిస్తామని. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది.

జర్మనీలో నాజీలు "వీళ్ళే" అని వేలెత్తి చూపింది యూదుల్ని. జనాభాలో వాళ్ళు వందకి ఒక్కరు కూడా లేరు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. మార్చి 23న పార్లమెంటే తన అధికారం వాడి చేతికిచ్చింది. ఏప్రిల్ 7 నాటి చట్టంతో ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి యూదుల్ని తీసేయడం మొదలుపెట్టారు, అందులో టీచర్లూ ఉన్నారు. మొదలైన మూడు నెలలకే అంత దూరం వచ్చారు. ఈ తేదీలన్నీ నేను ఆ రోజుకే బోర్డు మీద రాయించాను. రాయించి కూడా నా క్లాసులో జరిగేది చూడలేకపోయాను.

కాబట్టి నా మాట విను. ఏ పిల్లాడితోనూ హిట్లర్ వేషం వేయించొద్దు. చెయ్యెత్తి దండం పెట్టే ఆ సెల్యూట్ సరదాకి కూడా వద్దు. గెలుపూ ఓటమీ, చప్పట్ల బహుమతీ ఏదీ పెట్టొద్దు. వద్దంటే వద్దు.

దానికి బదులు అన్ని గ్రూపుల్నీ ఒకే ప్రశ్న అడుగు: మీ వాళ్ళు ఎవర్ని బయట పెట్టారు? ఉదారవాదం గ్రూపు 1791 నాటి ఫ్రాన్స్ రాజ్యాంగం తీస్తుంది. ఓటు ఇరవై ఐదేళ్ళు నిండి, మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టే మగవాళ్ళకే. ఆడవాళ్ళకి లేదు. సోషలిజం గ్రూపు రాబర్ట్ ఓవెన్ గురించి గర్వంగా చెప్పాలి. స్కాట్లాండ్‌లోని న్యూ లనార్క్ మిల్లు కూలీల పిల్లలకి 1816లోనే బడి పెట్టాడు ఆయన. కానీ రష్యాలో ఎన్నికైన రాజ్యాంగ సభని 1918 జనవరిలో బోల్షెవిక్కులు, అంటే లెనిన్ పార్టీ వాళ్ళు, రద్దు చేసిన సంగతి కూడా వాళ్ళ నోటితోనే చెప్పించు. తమ గ్రూపు తప్పు తామే చెప్పడం పిల్లలకి కష్టంగా ఉంటుంది. ఓపిక పట్టు, తొందర పెట్టకు. నీకు చిన్నప్పటి నుంచీ తొందరెక్కువ, నా ఒళ్ళో కూర్చుని మామిడిపండు తింటూ టెంకతో సహా మింగబోయేదానివి.

నేను కోప్పడుతున్నానని బాధపడకు తల్లీ. నా దగ్గర పాత క్యాలెండర్లు కట్టలు కట్టలు ఉన్నాయి, వెనకవైపు తెల్లగా ఉంటాయి. చార్టు పేపర్లు కొనకు. శనివారం మీ చిన్నాన్న తిరుపతి వస్తున్నాడు, ఆయన చేత పంపిస్తా. ఆయన వచ్చేలోగా నీ క్లాసులో ఆఖరి బెంచీలో ఎవరెవరు కూర్చుంటారో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ